అనువర్తనానికి అవతారిక: డెస్క్‌టాప్ ప్రాజెక్టు మూసల చరిత్ర – తెలుగు లిపి స్థానం

వ్యాససంగ్రహం:
డెస్క్‌టాప్ కంప్యూటరుపై నడిచే అనువర్తనాన్ని నిర్మించే ప్రోగ్రామరు మొట్టమొదట చేసే పని 'కొత్త ప్రాజెక్టు'ను ప్రారంభించడం. ఆ ఆదేశం ఇవ్వగానే అభివృద్ధి వేదిక కొన్ని ఫైళ్లను, కొన్ని నిర్ణయాలను సిద్ధం చేసి ఇస్తుంది. ఈ సిద్ధరూపానికి 'మూస' అని పేరు. 1970ల నుంచి నేటివరకు ఈ మూసలు ఎలా పుట్టాయో, ఎలా మారాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మూసలో ముందే నిశ్చయమైన అక్షర సంకేత పద్ధతి తెలుగు వంటి లిపుల భవితవ్యంపై చూపిన ప్రభావాన్ని ప్రత్యేకంగా చర్చిస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌లో తెలుగుకు చోటు దొరికిన తరువాత కూడా కొన్ని సంవత్సరాలపాటు కొత్త ప్రాజెక్టుల్లో ఆ చోటు దొరకలేదని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: డెస్క్‌టాప్ అనువర్తనం, అభివృద్ధి వేదిక, ప్రాజెక్టు మూస, క్లయింటు, యూనికోడ్, ఫాంటు సంకేతాలు, తెలుగు లిపి.

1. ఉపోద్ఘాతం

తెలుగు ప్రబంధానికి అవతారిక ఉంటుంది. ఇష్టదేవతాస్తుతి, సుకవిస్తుతి, కుకవినింద, కృతిపతి వంశవర్ణన, షష్ఠ్యంతాలు అనే క్రమం కవికి సంప్రదాయం నుంచి సిద్ధంగా అందుతుంది. కథ అవతారికలో ఉండదు. అయినా కవి కాలాన్ని, ఆశ్రయాన్ని, ఆనాటి సాహిత్యాభిరుచిని నిర్ణయించవలసి వచ్చినప్పుడు సాహిత్యచరిత్రకారుడు మొదట చూసేది అవతారికనే. అలవాటుగా చెప్పే మాటల్లోనే ఒక కాలం తనను తాను నమోదు చేసుకుంటుంది.

కంప్యూటరు అనువర్తనానికీ ఇటువంటి సిద్ధమైన ఆరంభం ఉంది. ప్రోగ్రామును రాయడం, యంత్రభాషలోకి మార్చడం, దోషాలను వెదకడం ఒకేచోట జరిగే సాధనసముదాయాన్ని అభివృద్ధి వేదిక అంటారు. ఆ వేదికలో 'కొత్త ప్రాజెక్టు' అనే ఆదేశాన్ని ఎంచుకోగానే అది కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. అనువర్తనం ఏ రకానిది, దానికి పేరేమిటి, ఫైళ్లను ఎక్కడ ఉంచాలి, ఏ ఆధారచట్రంపై నిర్మించాలి అన్నవి ఆ ప్రశ్నలు. సమాధానాలు అందిన క్షణాల్లో ఒక ఖాళీ కిటికీ, దాన్ని తెరపైకి తెచ్చే నాలుగు వరుసల ప్రోగ్రాము, ప్రాజెక్టు వివరాల ఫైలు తయారవుతాయి. 'ప్రాజెక్ట్1', 'ఫారమ్1' వంటి పేర్లు కూడా వేదికే పెడుతుంది. ఈ వరుసలను ప్రోగ్రామరు రాయడు, సాధారణంగా చదవడు కూడా.

చదవని ఆ వరుసల్లో పెక్కు నిర్ణయాలు ఇమిడి ఉంటాయి. అక్షరానికి ఎన్ని బైట్లు, ఏ ఫాంటు, పెట్టెల ఎత్తు ఎంత, మూలపాఠాన్ని ఏ సంకేత పద్ధతిలో భద్రపరచాలి అన్నవి వాటిలో కొన్ని. అవతారికకూ మూసకూ భేదం కూడా ఇక్కడే ఉంది. అవతారికను సంప్రదాయానుసారమే అయినా కవి స్వయంగా రాస్తాడు. మూసను మాత్రం వేదికను తయారుచేసిన సంస్థ రాస్తుంది. కాబట్టి మూసలో కనిపించే అభిరుచి ప్రోగ్రామరుది కాదు. ఆ సంస్థ ఊహించుకున్న సగటు వినియోగదారుడిది. ఆ సగటు వినియోగదారుడు ఏ లిపిలో రాస్తాడని భావించారన్నదే ఈ వ్యాసానికి కేంద్రమైన ప్రశ్న.

2. 'ప్రాజెక్టు' అనే భావన పుట్టుక

తొలినాటి ప్రోగ్రాము ఒకే ఫైలు. 1978లో వెలువడిన కెర్నిహాన్, రిచీల సి భాషాగ్రంథం విద్యార్థికి నేర్పిన మొదటి ప్రోగ్రాము తెరపై ఒక చిన్న పలకరింపును ముద్రిస్తుంది. దానికి కొద్ది వరుసలు చాలు. ప్రోగ్రాములు పెరిగి పలు ఫైళ్లుగా విడిపోయినప్పుడు మాత్రం ఒక చిక్కు ఎదురైంది. ఒక ఫైలును సవరించినప్పుడు దానిపై ఆధారపడిన ఫైళ్లన్నింటినీ మళ్లీ కంపైలు చేయాలి. ఒక్కటి మరచినా పాత తప్పు అలాగే నిలిచిపోతుంది.

బెల్ ప్రయోగశాలలో ఒక శాస్త్రవేత్త అప్పటికే సరిదిద్దిన ప్రోగ్రాములో లేని తప్పు కోసం ఒక ఉదయమంతా వెదికాడు. సరిదిద్దిన ఫైలు మళ్లీ కంపైలు కాకపోవడమే ఆ శ్రమకు కారణం. ఆ అనుభవం విన్న స్టువర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో 'మేక్' అనే సాధనాన్ని రూపొందించాడు. ఏ ఫైలు ఏ ఫైలుపై ఆధారపడుతుందో ఒకచోట రాసి ఉంచితే, మారినవాటిని మాత్రమే అది తిరిగి నిర్మిస్తుంది. ప్రోగ్రాముకు వెలుపల, ప్రోగ్రామును గురించి రాసుకున్న ఈ వివరణపత్రమే తరువాతి కాలపు ప్రాజెక్టు ఫైలుకు పూర్వరూపం.

రెండవ మూలం 1983లో బోర్లాండ్ సంస్థ విడుదల చేసిన టర్బో పాస్కల్. దాని కంపైలరును రచించినవాడు డెన్మార్క్‌కు చెందిన ఆండర్స్ హైల్స్‌బర్గ్. అంతకుముందు ప్రోగ్రామును ఒక సాధనంలో రాసి, మరొక సాధనంతో కంపైలు చేసి, తప్పుల జాబితాతో మళ్లీ మొదటిదానికి వెళ్లవలసి వచ్చేది. టర్బో పాస్కల్ ఈ పనులను ఒకే తెరపైకి తెచ్చింది. ధర 50 డాలర్లకు లోపే ఉండటంవల్ల విద్యార్థులకూ అందింది. ఆధారాల పట్టిక ఒకవైపు, ఏకీకృత వేదిక మరొకవైపు ఏర్పడ్డాయి. ఈ రెండూ కలిసిన చోట 'కొత్త ప్రాజెక్టు' అనే ఆదేశానికి అర్థం వచ్చింది.

3. ఖాళీ కిటికీ ఖరీదు

1984 జనవరిలో ఆపిల్ సంస్థ మాకింటోష్‌ను, 1985 నవంబరులో మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 1.0ను విడుదల చేశాయి. వినియోగదారుడికి బొమ్మలు, మౌస్, జాబితాలతో పని సులభమైంది. ప్రోగ్రామరుకు మాత్రం పని బరువైంది. మాకింటోష్ కోసం రాయదలచినవారు తొలి రోజుల్లో అంతకంటె ఎంతో ఖరీదైన లీసా కంప్యూటరుపై ప్రోగ్రామును తయారుచేసి, ఆపైన మాకింటోష్‌కు చేర్చవలసి వచ్చింది.

విండోస్ పరిస్థితి మరొక విధం. తొలి విండోస్ అభివృద్ధి సామగ్రితో వచ్చిన పలకరింపు ప్రోగ్రాము సుమారు 150 వరుసలు. దానికి తోడుగా ఉన్న వనరుల ఫైలులో మరో 20 వరుసలు. సి గ్రంథంలోని కొద్ది వరుసలతో పోల్చి చూసినవారు దీన్ని వింతగా చెప్పుకొన్నారు. 1988లో తొలి ముద్రణ పొందిన చార్లెస్ పెట్జోల్డ్ రచన 'ప్రోగ్రామింగ్ విండోస్' ఒక తరానికి పాఠ్యగ్రంథమైంది. ఈ వరుసలు ఎందుకు అవసరమో వివరించడం దాని ప్రధాన సేవ.

ఆ వరుసల పని మూడు విధాలు. కిటికీ ఏ తరగతికి చెందుతుందో సిస్టమ్‌కు నమోదు చేయడం మొదటిది. కిటికీని సృష్టించి చూపించడం రెండవది. కీబోర్డు, మౌస్‌ల నుంచి వచ్చే సందేశాలను ఎడతెగకుండా అందుకొని తగిన భాగానికి పంపే ఆవృత్తిని నడపడం మూడవది. పాత ప్రోగ్రాములో అధికారం ప్రోగ్రాముది. అది అడిగినప్పుడే మనిషి సమాధానమిచ్చేవాడు. కొత్త పద్ధతిలో మనిషి ఎప్పుడు ఏ మీట నొక్కుతాడో తెలియదు గనుక ప్రోగ్రాము వేచి ఉండాలి. ఈ తలకిందులు ప్రతి అనువర్తనంలోనూ ఒకే రీతిలో పునరావృతమైంది. కొత్త అనువర్తనం మొదలుపెట్టేవారు పాతదాని నకలు తీసుకొని, పేర్లు మార్చి, అనవసరమైనది తుడిచి వాడుకొనే అలవాటు వచ్చింది. వ్యక్తులు చేతితో తీసుకొన్న ఈ నకలును సంస్థలు తరువాతి కాలంలో మూసగా స్థిరపరిచాయి.

4. రాయడం నుంచి గీయడం వైపు

ఈ బరువును తగ్గించే మార్గం రెండు చోట్ల కనిపించింది. 1988లో వెలువడిన నెక్స్ట్ కంప్యూటరులో ఇంటర్‌ఫేస్ బిల్డర్ అనే సాధనం ఉండేది. ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాఁ మారీ ఉలో దాని రూపకర్త. కిటికీని, బొత్తాలను తెరపై గీసి, బొత్తానికి దాని పనికి మధ్య మౌస్‌తో గీత కలిపితే సరిపోయేది. దీని ఫలితానికి ఒక ప్రసిద్ధ నిదర్శనం ఉంది. స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధనా సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ 1990 చివరి నెలల్లో నెక్స్ట్ యంత్రంపై రాసిన ప్రోగ్రామే ప్రపంచపు తొలి వెబ్ బ్రౌజరు. పుటలను చదవడంతోపాటు రాయడానికీ వీలిచ్చిన డెస్క్‌టాప్ క్లయింటు అది. పని ఇంత త్వరగా పూర్తికావడానికి ఆ వేదిక తోడ్పడింది.

రెండవది విజువల్ బేసిక్. అలన్ కూపర్ తాను రూపొందించిన 'ట్రైపాడ్' అనే నమూనాను 1988లో బిల్ గేట్స్‌కు చూపాడు. మైక్రోసాఫ్ట్ దాన్ని కొని 'రూబీ' అనే సంకేతనామంతో అభివృద్ధి చేసి, బేసిక్ భాషతో జతచేసింది. 1991 మే నెలలో విజువల్ బేసిక్ 1.0 వెలువడింది. అందులో కొత్త ప్రాజెక్టు తెరవగానే ఖాళీ ఫారం సిద్ధంగా ఉంటుంది. ప్రోగ్రామరు ఒక్క వరుస కూడా రాయకుండా నడిపించినా ఒక కిటికీ తెరపైకి వస్తుంది. ఆరేళ్ల కిందట 150 వరుసలు అడిగిన పని శూన్యవరుసలకు దిగింది. ఆ 150 వరుసలు మాయం కాలేదు. అవి ప్రోగ్రామరు చూపుకు అందని చోటికి చేరాయి. వాటితోపాటే వాటిలోని నిర్ణయాలూ మరుగునపడ్డాయి. తరువాతి చరిత్రకు ఇది కీలకమైన మలుపు.

5. 'క్లయింటు' అనే మాటకు కుదిరిన అర్థం

1990ల తొలి భాగంలో కార్యాలయాలకు స్థానిక యంత్రవలయాలు వచ్చాయి. సమాచారమంతా ఒక సర్వరులో ఉంటుంది. ఉద్యోగి బల్లపై ఉన్న కంప్యూటరులోని అనువర్తనం దాన్ని అడిగి తెచ్చుకొని, చూపి, సవరించి తిరిగి పంపుతుంది. అడిగే పక్షానికి క్లయింటు అని పేరు స్థిరపడింది. బ్యాంకు, భీమా, ఆస్పత్రి, విశ్వవిద్యాలయ కార్యాలయాల రోజువారీ పనికి ఈ క్లయింట్లే ఆధారమయ్యాయి.

ఈ రంగంలో ఒక భారతీయుని పేరు ముందువరుసలో ఉంది. ఉమంగ్ గుప్తా 1984లో అమెరికాలో స్థాపించిన గుప్తా టెక్నాలజీస్ సంస్థ రూపొందించిన ఎస్‌క్యూఎల్ విండోస్, క్లయింటు ప్రోగ్రాములను కిటికీల రూపంలో తయారుచేసే తొలి సాధనాల్లో ఒకటి. 1991లో పవర్‌సాఫ్ట్ సంస్థ పవర్‌బిల్డరును తెచ్చింది. 1995 ఫిబ్రవరి 14న బోర్లాండ్ సంస్థ డెల్ఫీని విడుదల చేసింది. దాని ప్రధాన రూపశిల్పి హైల్స్‌బర్గే. ఈ వేదికల్లో కొత్త ప్రాజెక్టు అంటే ఖాళీ కిటికీ ఒక్కటే కాదు. డేటాబేసుతో సంబంధం, పట్టికలోని వరుసలను చూపే గడులు కూడా ఆరంభంలోనే అందుబాటులోకి వచ్చాయి.

1993లో వచ్చిన విజువల్ సి++ 1.0 మరో మెట్టు ఎక్కింది. అందులోని యాప్‌విజార్డ్ వరుసగా ప్రశ్నలు అడుగుతుంది. ఒకే పత్రమా, పలు పత్రాలా, ఉపకరణపట్టీ కావాలా, ముద్రణ సౌకర్యం కావాలా అని తెలుసుకొని, నడవడానికి సిద్ధంగా ఉన్న మూలపాఠాన్ని పుటలకొద్దీ రాసిపెడుతుంది. అయితే ఆ ప్రశ్నలు ఒక్కసారే వస్తాయి. మూలపాఠం తయారైన తరువాత వెనుకకు వెళ్లి సమాధానం మార్చే వీలు లేదు. మార్పు కావలసినవారు మూలపాఠాన్ని చేతితో సవరించుకోవాలి, లేదా మరో కొత్త ప్రాజెక్టుతో మొదటికి రావాలి. ఆరంభంలోని ఎంపిక అనువర్తన జీవితకాలమంతా వెంట వస్తుందనడానికి ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యం లేదు.

6. జావా, డాట్‌నెట్: హైదరాబాదు పాత్ర

1996 జనవరిలో జావా తొలి సంచిక, 1998 డిసెంబరులో స్వింగ్ గ్రంథాలయంతో కూడిన 1.2 సంచిక వెలువడ్డాయి. ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌పైనైనా నడిచే డెస్క్‌టాప్ అనువర్తనం జావా వాగ్దానం. ప్రాగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో 1996లో విద్యార్థుల ప్రాజెక్టుగా పుట్టిన 'జెల్ఫీ' తరువాత నెట్‌బీన్స్‌గా పేరు మార్చుకొంది. 1999లో సన్ సంస్థ దాన్ని కొని, 2000లో మూలపాఠాన్ని బహిరంగం చేసింది. 2001 నవంబరులో ఐబీఎం ఎక్లిప్స్‌ను బహిరంగపరిచింది. 2004 జూన్‌లో వచ్చిన ఎక్లిప్స్ 3.0 'రిచ్ క్లయింటు' అనే ఆలోచనను తెచ్చింది. వేదిక తన అస్థిపంజరాన్నే కొత్త అనువర్తనాలకు మూసగా ఇవ్వడం అందులోని విశేషం.

2002 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ ఆధారచట్రాన్ని, విజువల్ స్టూడియో డాట్‌నెట్‌ను విడుదల చేసింది. అప్పటికి హైల్స్‌బర్గ్ ఆ సంస్థలో సి షార్ప్ భాషకు ప్రధాన రూపశిల్పి. ఇక్కడ తెలుగునేలకు ప్రత్యక్ష సంబంధం ఏర్పడింది. మైక్రోసాఫ్ట్ 1998లో హైదరాబాదులో ప్రారంభించిన అభివృద్ధి కేంద్రంలో జె షార్ప్ భాషాసాధనం రూపొందింది. జావా వాక్యనిర్మాణం తెలిసినవారు డాట్‌నెట్‌పై పనిచేయడానికి ఉద్దేశించిన సాధనమది. కొత్త ప్రాజెక్టు కిటికీలో విజువల్ బేసిక్, సి షార్ప్‌ల పక్కన కనిపించిన జె షార్ప్ ప్రాజెక్టులు ఈ విధంగా హైదరాబాదు నుంచి వెళ్లినవే. విజువల్ స్టూడియో 2005 తరువాత ఆ భాష కొనసాగలేదు.

7. మూసలో తెలుగు లిపి

యూనికోడ్ తొలి సంచిక 1991 అక్టోబరులో వెలువడింది. అందులోనే తెలుగుకు 128 స్థానాల ఖండం కేటాయించబడింది. భారతీయ లిపుల ప్రమాణమైన ఐఎస్ 13194 ప్రకటితమైంది కూడా ఆ సంవత్సరమే. ప్రమాణం సిద్ధమైన నాటినుంచి సాధారణ డెస్క్‌టాప్ అనువర్తనంలో తెలుగు నిలదొక్కుకొనే వరకు ఒక దశాబ్దానికి పైగా పట్టింది. ఈ జాప్యానికి కారణాలు మూడు అంతస్తుల్లో ఉన్నాయి.

మొదటి అంతస్తు లిపిని గీసే యంత్రాంగం. తెలుగులో అక్షరాలు వరుసగా పేర్చితే చాలదు. గుణింతాలు హల్లుతో కలవాలి, ఒత్తులు కిందికి దిగాలి. విండోస్ 2000లో దేవనాగరికి, తమిళానికి ఈ సౌకర్యం వచ్చింది. తెలుగుకు అది 2001 అక్టోబరులో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో, గౌతమి అనే ఫాంటుతో లభించింది. అప్పుడు కూడా సంయుక్త లిపుల ఫైళ్లను ప్రాంతీయ అమరికల్లోకి వెళ్లి ప్రత్యేకంగా స్థాపించుకోవాలి. రెండవ అంతస్తు కీబోర్డు, ఫాంటుల లభ్యత. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన 2000 వంటి యూనికోడ్ ఫాంట్లు ఈ లోటును కొంత తీర్చాయి.

మూడవ అంతస్తు అభివృద్ధి వేదిక. తెలుగు లిపి చరిత్రను రాసేటప్పుడు సాధారణంగా విడిచిపెట్టేది దీన్నే. పాత విండోస్ అనువర్తనాలు అక్షరాన్ని ఒక ప్రాంతీయ సంకేతపట్టిక ఆధారంగా గుర్తించేవి. పశ్చిమ ఐరోపా భాషలకు, రష్యన్‌కు, గ్రీకుకు, అరబిక్‌కు, థాయికి అటువంటి పట్టికలు ఉన్నాయి. తెలుగుకు విండోస్‌లో అటువంటి పట్టిక ఎన్నడూ ఏర్పడలేదు. తెలుగు యూనికోడ్ ద్వారా మాత్రమే ప్రవేశించగలదు. కాబట్టి కొత్త ప్రాజెక్టు పాత పద్ధతిని డిఫాల్ట్‌గా ఎంచుకొంటే గ్రీకు అనువర్తనానికి ఏదో ఒక దారి ఉంటుంది గాని, తెలుగు అనువర్తనానికి ఏ దారీ ఉండదు.

1998లో వచ్చిన విజువల్ బేసిక్ 6.0 దీనికి ముఖ్యమైన ఉదాహరణ. ఆ భాష పాఠాన్ని అంతరంగంలో యూనికోడ్‌లోనే దాచుకొంటుంది. తెరపై కనిపించే పెట్టెలు, బొత్తాలు మాత్రం పాత పట్టికల ప్రకారమే పనిచేస్తాయి. మూలపాఠం ఫైలు కూడా పాత పట్టికలోనే భద్రమవుతుంది. తెలుగు పాఠం ఆ పెట్టెలోకి చేరేసరికి ప్రశ్నార్థకాల వరుసగా మారుతుంది. అదే ఎక్స్‌పీ యంత్రంలోని నోట్‌ప్యాడ్ మాత్రం తెలుగును చక్కగా చూపుతుంది. ఈ ఒక్క పోలిక వాదాన్ని తేలుస్తుంది. యంత్రం అదే, ఫాంటు అదే, లిపిని గీసే యంత్రాంగమూ అదే. భేదం అనువర్తనం పుట్టిన మూసలో ఉంది.

విజువల్ సి++ 6.0లో యూనికోడ్ ప్రాజెక్టు అసాధ్యం కాదు. కానీ యాప్‌విజార్డ్ ఇచ్చే ప్రాజెక్టు బహుబైట్ పట్టికల పద్ధతిని ఎంచుకొనేది. యూనికోడ్ కావలసిన ప్రోగ్రామరు ప్రాజెక్టు అమరికల్లో ఒక నిర్వచనాన్ని తొలగించి మరొకటి చేర్చాలి, ప్రోగ్రాము ప్రవేశబిందువును మార్చాలి. పైగా అవసరమైన యూనికోడ్ గ్రంథాలయాలు సాధారణ స్థాపనలో యంత్రంలోకి చేరేవి కావు. వాటిని ప్రత్యేకంగా ఎంచుకొని స్థాపించుకోవాలి. తెలుసుకొని వెదికేవారికే దారి తెరుచుకొనేది.

దీన్ని కేవలం నిర్లక్ష్యంగా భావించడం చరిత్రకు న్యాయం కాదు. విండోస్ 95, 98లలో యూనికోడ్ సౌకర్యాలు పరిమితం. యూనికోడ్‌లో నిర్మించిన సాధారణ అనువర్తనం వాటిపై నడవదు. ఎక్కువ యంత్రాలపై నడిచే అనువర్తనమే కావాలన్న విపణి తర్కం డిఫాల్ట్‌ను నిర్ణయించింది. ఆ తర్కం ఆంగ్ల వినియోగదారుడికి ఏ నష్టమూ కలిగించలేదు. దాని మూల్యం చెల్లించింది సంకేతపట్టిక లేని లిపులే.

డిఫాల్ట్ మారిన కాలక్రమం ఈ సందర్భంలో గమనించదగినది. జావా ఆరంభం నుంచే యూనికోడ్ అక్షరాలను స్వీకరించింది. డాట్‌నెట్ 2002లో అదే మార్గాన్ని అనుసరించింది. విజువల్ సి++ కొత్త ప్రాజెక్టులకు యూనికోడ్ 2005 సంచికలో డిఫాల్ట్ అయింది. డెల్ఫీ దృశ్యభాగాలు 2008లో వెలువడిన డెల్ఫీ 2009తో పూర్తిగా యూనికోడ్‌లోకి వచ్చాయి. విజువల్ బేసిక్ 6.0 చివరివరకు మారలేదు. జావా కంపైలరు అక్షరాలను యూనికోడ్‌గా స్వీకరించినా మూలపాఠం ఫైలును మాత్రం యంత్రపు ప్రాంతీయ పద్ధతిలో చదివేది. యూటీఎఫ్-8 అన్ని యంత్రాలపైనా డిఫాల్ట్ కావడానికి 2022 మార్చిలో జావా 18 రావలసి వచ్చింది.

ఈ వ్యవధిలో తెలుగువారు ఊరకుండలేదు. ఎనిమిది బిట్ల ఫాంట్లలో లాటిన్ అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకృతులను అమర్చుకొనే పద్ధతి ప్రచురణరంగంలో అప్పటికే వేళ్లూనింది. అను ఫాంట్లు దీనికి సుపరిచితమైన ఉదాహరణ. డీటీపీ కేంద్రాల్లో ఈ పద్ధతి స్థిరపడటానికి పుటల కూర్పు సాఫ్ట్‌వేరు మొదలైన ఇతర కారణాలూ ఉన్నాయి. కార్యాలయ అనువర్తనాల్లోకి అది ప్రవేశించడానికి మాత్రం మూసలే అనుకూలించాయి. యూనికోడ్ తెలియని పెట్టెలో తెలుగును చూపాలంటే ఫాంటు మార్చడమొక్కటే ప్రోగ్రామరు చేతిలో ఉన్న ఉపాయం. కంటికి తెలుగు కనిపించేది. భద్రమైనది మాత్రం అర్థంలేని లాటిన్ అక్షరాల వరుస. ఆ ఫాంటు లేని యంత్రంలో దాన్ని చదవలేము, అకారాదిక్రమంలో పేర్చలేము, పదం ఇచ్చి వెదకలేము. ఆ కాలపు సిద్ధాంతగ్రంథాలను, వ్యాససంకలనాలను నేడు అంతర్జాలంలోకి తేవాలనుకొనే పరిశోధకుడు మార్పిడి సాధనాలతో, ఆపైన అక్షరదోషాలతో పడే శ్రమకు మూలం ఇదే.

యూనికోడ్ వచ్చిన తరువాత కూడా మూసలోని సూక్ష్మాంశాలు తెలుగును ప్రభావితం చేస్తూనే ఉన్నాయి. విజువల్ స్టూడియో 2005 నుంచి విండోస్ ఫారంల మూసలో ప్రవేశబిందువు దగ్గర ఒక వరుస చేరింది. పాఠాన్ని పాత డాట్‌నెట్ పద్ధతిలో గీయాలా, కొత్త పద్ధతిలో గీయాలా అన్నది అది నిర్ణయిస్తుంది. అంతర్జాతీయ లిపులు మెరుగ్గా కనిపించడం కొత్త పద్ధతి ప్రయోజనాల్లో ఒకటి. ఆ వరుసను పట్టించుకొనే ప్రోగ్రామర్లు అరుదు. ఫారాన్ని పలు భాషల్లోకి మార్చే గుణం మూసలో నిలిపివేసిన స్థితిలో ఉంటుంది. దాన్ని ప్రారంభించి భాషగా తెలుగును ఎంచుకొంటేనే తెలుగు పాఠాలకు వేరే వనరుల ఫైలు ఏర్పడుతుంది. 2019లో వచ్చిన డాట్‌నెట్ కోర్ 3.0 విండోస్ ఫారంల డిఫాల్ట్ ఫాంటును సెగో యూఐగా మార్చింది. అందులో తెలుగు అక్షరాలు లేవు. తెలుగు పాఠాన్ని చూపడానికి సిస్టమ్ మరో ఫాంటును అరువు తెచ్చుకోవాలి. లాటిన్ అక్షరాల కొలతకు నిర్ణయించిన ఎత్తులో ఒత్తుల అడుగుభాగం కత్తిరించుకుపోయే అవకాశం నేటికీ ఉంది.

8. ముగింపు

కొత్త ప్రాజెక్టును ప్రారంభించే పద్ధతి ఇటీవల మళ్లీ మారింది. 2016లో వెలువడిన డాట్‌నెట్ కోర్‌తో కిటికీలు తెరవకుండా ఒకే ఆదేశాన్ని టైపు చేసి మూసను రప్పించుకొనే అలవాటు ప్రచారంలోకి వచ్చింది. 2013లో మొదలై 2015లో ఎలక్ట్రాన్ అనే పేరు పొందిన సాధనం బ్రౌజరును మొత్తంగా అనువర్తనంలో పొదిగి ఇస్తుంది. వెబ్‌ను చూడటానికి 1990లో డెస్క్‌టాప్ క్లయింటు పుట్టింది. పాతికేళ్లకు డెస్క్‌టాప్ క్లయింటుకే వెబ్ మూస అయింది. ఈ మార్గంలో యూనికోడ్ ఆరంభం నుంచే ఉండటంవల్ల తెలుగు లిపికి అడ్డంకి తగ్గింది.

పై పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి.

1. ప్రాజెక్టు మూస మొదట ప్రోగ్రామరు శ్రమను తగ్గించే నకలుగా పుట్టి, క్రమంగా నిర్ణయాలను మోసుకొచ్చే సాధనంగా మారింది. 150 వరుసలు కంటికి కనబడకుండా పోయినప్పుడు వాటిలోని ఊహలూ విమర్శకు అందకుండా పోయాయి.

2. ప్రమాణం ఉండటం, ఆపరేటింగ్ సిస్టమ్ సహకరించడం లిపి ఉనికికి అవసరమే గాని అవి మాత్రమే చాలవు. ఎక్స్‌పీ యంత్రంలో నోట్‌ప్యాడ్‌కు, విజువల్ బేసిక్ ఫారానికి కనిపించిన భేదం ఇందుకు నిదర్శనం.

3. 'సాధ్యం' అన్న మాటకు, 'డిఫాల్ట్' అన్న మాటకు మధ్య ఉన్న దూరమే ఆచరణలో లిపి చరిత్రను నిర్ణయించింది. విజువల్ సి++ 6.0లో తెలుగు సాధ్యమే. కానీ దాన్ని సాధించడానికి అవసరమైన జ్ఞానం మూసలో లేదు.

4. ఫాంటు సంకేతాల్లో చిక్కుకొన్న తెలుగు సమాచారాన్ని ఉద్ధరించే పనిలో, అది ఏ వేదికపై, ఏ సంచికలో నిర్మించిన అనువర్తనం నుంచి వచ్చిందో నమోదు చేయడం అవసరం. ప్రాచీన ప్రతికి లేఖకుని వివరం ఎంత ముఖ్యమో, డిజిటల్ ప్రతికి ఈ వివరం అంత ముఖ్యం.

తాళపత్రాన్ని పరిష్కరించే పండితుడు గంటం, ఆకు, లేఖకుని అలవాట్లను గమనించి పాఠాన్ని నిర్ణయిస్తాడు. గడచిన మూడు దశాబ్దాల తెలుగు డిజిటల్ పాఠాలకు అభివృద్ధి వేదికే గంటం, ప్రాజెక్టు మూసే లేఖకుని అలవాటు. ఆ పాఠాల పరిష్కరణకు పూనుకొనే రేపటి పరిశోధకుడు మూసల చరిత్రను కూడా పాఠవిమర్శలో భాగంగా స్వీకరించవలసి ఉంటుంది.